ఓడిన చేపకు దారేది? అక్వేరియంలో సిక్లిడ్ జంటలు, కొట్లాటలు

క్లుప్తంగా

సిక్లిడ్ చేపలు జంట కట్టేది పిల్లల్ని కాపాడుకోడానికి. ఆ కాపలాకి కావాల్సిన దూకుడు గుడ్లు పెట్టకముందే మొదలవుతుంది. వాగులో ఆ దూకుడుకి హద్దు అవతల ఒక పొరుగు చేప ఉంటుంది, ఓడిన చేపకి పారిపోయే దారి ఉంటుంది. గాజు తొట్టిలో చాలాసార్లు ఈ రెండూ ఉండవు. దెబ్బలు, చావులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. చేప స్వభావాన్ని మార్చలేం. తొట్టి పొడవు, లోపలి అమరిక, తోటి చేపల ఎంపిక మాత్రం పెంచేవారి చేతిలో ఉంటాయి.

రెండు ఇళ్లలో కనిపించే చిక్కులు

ఆరు నెలలుగా కలిసి తిరిగిన ఆరు ఏంజెల్ ఫిష్‌లు. ఒకరోజు పొద్దున లైటు వేసేసరికి రెండు చేపలు ఫిల్టర్ పైపు పక్కన నిలబడి ఉంటాయి. మిగతా నాలుగూ ఎదుటి మూలలో, నీటి పైభాగాన, రెక్కలు ముడుచుకుని ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మేత వేసినా ముందుకు రావు. జబ్బు చేసిందేమోనని టెన్షన్ పడి చాలామంది ముందు మందు వేస్తారు. నిజానికి అక్కడ జబ్బేమీ లేదు. ఆ రెండూ జంట కట్టాయి, తొట్టిలో ముప్పావు భాగం తమదని తేల్చేశాయి.

రెండో చిక్కు ఇంకా బాధపెట్టేది. కాన్విక్ట్ అనే సిక్లిడ్ల జంట ఒకటి రెండు మూడుసార్లు గుడ్లు పెట్టి, పిల్లల్ని చక్కగా పెంచుతుంది. నాలుగోసారి అదే మగది అదే ఆడదాన్ని రాత్రికి రాత్రి చంపేస్తుంది. నీళ్లు బాగానే ఉన్నాయి, మేత మారలేదు, కొత్త చేపనూ తేలేదు. అయినా ఇలా ఎందుకైందో అర్థం కాదు.

ఈ రెండింటికీ మూలం ఒకటే. దాన్ని పట్టుకోవాలంటే ముందు ఈ చేపల సంసారం ఎలా నడుస్తుందో చూడాలి.

సిక్లిడ్లు అంటే ఏవి

ఇది చాలా పెద్ద కుటుంబం. ఇప్పటికి గుర్తించినవే 1,700కి పైగా జాతులు. ఆఫ్రికా సరస్సులు, దక్షిణ, మధ్య అమెరికా నదులు, మడగాస్కర్, దక్షిణ భారతం, శ్రీలంక వీటి పుట్టిళ్లు. షాపుల్లో కనిపించే ఏంజెల్, డిస్కస్, ఆస్కార్, కాన్విక్ట్, ప్యారట్ ఫిష్, ఫ్లవర్‌హార్న్ అన్నీ ఈ కుటుంబానివే. 1952లో మన దేశానికి తెచ్చి చెరువుల్లో వదిలిన మొజాంబిక్ తిలాపియా కూడా సిక్లిడే. మన దేశంలో సహజంగా పుట్టినవి మూడే జాతులు. కేరళలో కరిమీన్ అని వండుకునేది వాటిలో ఒకటి. ఆరంజ్ క్రోమైడ్ అనే చిన్న పసుపు చేప ఇంకొకటి. దాని కథ కింద మళ్లీ వస్తుంది.

చేపల్లో చాలా జాతులు గుడ్లు వదిలేసి వెళ్లిపోతాయి. సిక్లిడ్లు అలా వెళ్లవు. గుడ్లనీ పిల్లల్నీ కనిపెట్టుకుని ఉంటాయి. ఏంజెల్, కాన్విక్ట్ లాంటి జాతుల్లో తల్లీతండ్రీ ఇద్దరూ కాపలా కాస్తారు. వాగుల్లో కాన్విక్ట్ జంట తన పిల్లల గుంపుని కొన్ని వారాల పాటు వెంటేసుకుని తిరుగుతుంది. చుట్టూ ఆ పిల్లల్ని మింగడానికి కాచుకున్న చేపలు డజన్ల కొద్దీ ఉంటాయి. ఒక్క నిమిషం ఏమరుపాటుగా ఉంటే గుంపు పలచబడిపోతుంది. అలాంటి చోట మెతకగా ఉండే తల్లిదండ్రుల పిల్లలు మిగలరు. దూకుడు ఈ జాతికి కాపురంతో పాటు వచ్చిన గుణం.

జంట కట్టే తీరు

జంట కట్టబోయే రెండు సిక్లిడ్లు మొదట చేసేది బెదిరింపే. ఇది చూసేవారిని బాగా తికమక పెడుతుంది. మగది శరీరాన్ని పక్కకి తిప్పి, రెక్కలన్నీ విప్పి, మొప్పలు ఉబ్బించి నిలబడుతుంది. తోకతో నీటిని ఎదుటి చేప మీదకి బలంగా కొడుతుంది. చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక సన్నని గీత ఉంటుంది. నీటి కదలికని, ఒత్తిడిని పసిగట్టేది అదే. తోక దెబ్బకి వచ్చే అల ఆ గీతకి తగిలినప్పుడు దెబ్బ కొట్టిన చేప ఎంత పెద్దదో, ఎంత బలంగా ఉందో దెబ్బ తగిలిన చేపకి తెలుస్తుంది. ఒక రకంగా ఇది బలాబలాలు చూసుకోవడం.

ఆ తర్వాత కొన్ని జంటలు నోరూ నోరూ కరుచుకుంటాయి. దగ్గరగా చూస్తే రెండింటి పెదవులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, ఇటు నాలుగు అంగుళాలు, అటు నాలుగు అంగుళాలు లాక్కుంటూ ఉంటాయి. మొప్పలు వేగంగా ఎగిసిపడుతుంటాయి. కాసేపటికి ఒకటి వదిలేస్తుంది. వదిలేసిన చేప ఆ తర్వాత ఏం చేస్తుందన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అది రంగు తగ్గించుకుని, రెక్కలు కాస్త ముడిచి, అయినా పారిపోకుండా పక్కనే నిలబడితే జంట కుదిరే అవకాశం ఉంది. పారిపోతే మగది తరుముతుంది. పారిపోయే చోటు లేకపోతే కొడుతూనే ఉంటుంది.

కుదిరిన జంట గుర్తులు వేరుగా ఉంటాయి. రెండూ కలిసి ఒక రాయినో, వెడల్పాటి ఆకునో, పూలకుండీ పెంకునో నోటితో గీకి శుభ్రం చేస్తాయి. రెండూ కలిసి మూడో చేపని తరుముతాయి. గుడ్లు పెట్టే ముందు పొట్ట కింద ఒక చిన్న గొట్టం బయటికి వస్తుంది. ఏంజెల్‌లో ఆడదానికి అది లావుగా, మొండిగా ఉంటుంది. మగదానికి సన్నగా, మొనదేలి ఉంటుంది. మిగతా రోజుల్లో ఏంజెల్ ఆడో మగో చూసి చెప్పడం దాదాపు అసాధ్యం. కాన్విక్ట్‌లో ఇది సులువు. ఆడదాని పొట్ట మీద నారింజ రంగు పొలుసులుంటాయి, మగది పెద్దగా, పొడుగు రెక్కలతో ఉంటుంది.

ఏంజెల్స్‌లో ఇంకో తికమక ఉంది. మగది లేనప్పుడు రెండు ఆడ చేపలే జంటలాగా మెలిగి, ఆకు శుభ్రం చేసి, గుడ్లు కూడా పెట్టేస్తాయి. రెండు రోజుల్లో ఆ గుడ్లన్నీ తెల్లబడిపోతాయి. "మా చేపల గుడ్లు ఎప్పుడూ పాడైపోతున్నాయి" అని నీటిని అనుమానించేవారు ముందు ఈ సంగతి సరిచూసుకోవడం మంచిది. ఫలదీకరణ జరిగిన గుడ్లు 27 డిగ్రీల నీటిలో రెండు మూడు రోజుల్లో పగులుతాయి. ఇంకో నాలుగైదు రోజులకి పిల్లలు ఈదడం మొదలుపెడతాయి. ఆ వారం రోజుల్లో తల్లిదండ్రుల దూకుడు బాగా పెరుగుతుంది. తొట్టిలో చెయ్యి పెట్టినా మీదికి వస్తాయి.

మమకారం, దూకుడు ఒకే చోట నుంచి

జంట పట్ల దగ్గరితనం, పరాయి చేప పట్ల దూకుడు రెండు వేరువేరు గుణాలని అనిపించడం సహజం. ప్రయోగాలు మరోలా చెబుతున్నాయి. 2011లో రోనాల్డ్ ఓల్డ్‌ఫీల్డ్, హాన్స్ హాఫ్‌మన్ అనే పరిశోధకులు మగ కాన్విక్ట్ చేపల మెదడులో కొన్ని హార్మోన్ల పనిని మందుతో అడ్డుకుని చూశారు. ఇవి మనుషుల్లో తల్లీబిడ్డల అనుబంధంతో ముడిపడిన ఆక్సిటోసిన్‌కి దగ్గరి చుట్టాలు. మందు ఇచ్చిన మగ చేపలు కాబోయే జోడీ పట్ల ఆసక్తి తగ్గించాయి. అదే సమయంలో పొరుగు చేపల మీద దూకుడూ తగ్గించాయి. అంటే జంట కట్టే తొలి రోజుల్లో ఈ రెండూ ఒకే యంత్రాంగం నుంచి వస్తున్నాయన్నమాట. కుదిరిపోయిన పాత జంటల మీద మాత్రం ఆ మందు పెద్దగా పని చేయలేదు.

ఆ బంధం ఎంత లోతైనదో 2019లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. ఆడ కాన్విక్ట్ చేపలకి ముందు పెట్టె మూత తీయడం నేర్పారు. ఒకరకం పెట్టెలో మేత ఉంటుంది, ఇంకోరకం దానిలో ఉండదు. తర్వాత రెండింటికీ మధ్యరకం పెట్టె ఒకటి పెట్టారు. తను మెచ్చిన మగదాన్ని కోల్పోయిన ఆడ చేప ఆ మధ్య పెట్టె దగ్గరికి వెళ్లడానికి ఎక్కువసేపు తటపటాయించింది. మెచ్చని మగదాన్ని తీసేసినప్పుడు అలా జరగలేదు. జోడీ పోతే చేప లోకాన్ని చూసే తీరే మారుతోందని దీనర్థం. చేపకేం తెలుస్తుందిలే అని జంటల్ని ఇష్టమొచ్చినట్టు విడదీసి అమ్మేవారు ఆలోచించాల్సిన ఫలితం ఇది.

మరి అంత మెచ్చిన జోడీనే చంపడమేమిటి? ఇక్కడే మన ఆరంజ్ క్రోమైడ్ కథ వస్తుంది. 1969లో ఆన్ రాసా అనే పరిశోధకురాలు ఈ చేపల జంటల్ని రెండు రకాలుగా ఉంచి పరిశీలించారు. కొన్ని జంటలకి తమ జాతి చేపలు కనిపించేలా ఏర్పాటు చేశారు, కొన్నింటిని పూర్తిగా ఒంటరిగా ఉంచారు. ఒంటరి జంటల్లో ఒకదాన్నొకటి కొట్టుకోవడం పెరిగింది, పిల్లల పెంపకం దెబ్బతింది. జంతువుల ప్రవర్తనని పరిశీలించిన 1973 నోబెల్ గ్రహీత కొన్రాడ్ లోరెంజ్ కూడా దాదాపు ఇలాంటిదే గమనించారు. పక్కపక్కనే రెండు జంటల్ని గాజు అడ్డంతో ఉంచితే, ఆ గాజు మీద పాచి పట్టి పొరుగు జంట కనిపించకుండా పోయినప్పుడల్లా మగ చేపలు సొంత ఆడదాని మీద పడేవి. గాజు తుడిస్తే సర్దుకునేవి.

దూకుడు నీళ్ల ట్యాంకులో నీళ్లలా లోపల నిండి పొంగుతుందని లోరెంజ్ చెప్పిన వివరణని తర్వాతి శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. ఆ సిద్ధాంతం సంగతి ఎలా ఉన్నా, ఆయన చూసిన దృశ్యం మాత్రం చేపలు పెంచేవారికి బాగా తెలిసినదే. ఇల్లు కాచే చేపకి ఎవరి నుంచి కాచాలో కనిపించాలి. ఎవరూ లేకపోతే తొట్టిలో మిగిలిన ఒకే ఒక్క చేప, అంటే జోడీయే, ఆ స్థానంలోకి వస్తుంది. పైన చెప్పిన, జోడీ చేతిలో చనిపోయిన కాన్విక్ట్ ఆడదాని విషయంలో చాలావరకు జరిగేది ఇదే. "ప్రశాంతంగా ఉంటాయి" అని మిగతా చేపలన్నీ తీసేసి జంటని మాత్రమే ఉంచుతారు. లేదా పిల్లల్ని ఒక్కసారిగా వేరే తొట్టికి మార్చేస్తారు. కాపలా కాయడానికి ఏమీ మిగలదు. మగది మళ్లీ గుడ్లకి తయారవుతుంది, ఆడదాని పొట్టలో గుడ్లు ఇంకా తయారు కావు. తోడు రాని ఆడదాన్ని మగది తరుముతుంది.

తొట్టి ఏం మారుస్తుంది

చెరువులోనో వాగులోనో ఓడిన చేప చేసే పని ఒక్కటే: కనిపించకుండా పోవడం. నాలుగైదు అడుగులు ఈది రాయి చాటుకి వెళితే గెలిచిన చేప వెనక్కి తిరుగుతుంది. ఇంటికి దూరమయ్యేకొద్దీ దాని దూకుడు తగ్గిపోతుంది. అందుకే సహజ వాతావరణంలో ఇలాంటి పోట్లాటలు చావు దాకా పోవడం తక్కువ.

మామూలు రెండు అడుగుల తొట్టి 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. పట్టేది 54 లీటర్లు. పది సెంటీమీటర్ల కాన్విక్ట్‌కి ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క ఉరుకు. ఓడిన చేప ఎంత దూరం పారిపోయినా గెలిచిన చేప ఇలాకాలోనే ఉంటుంది. అది లొంగిపోయానని ఎన్ని గుర్తులు చూపినా, కళ్ల ముందు ఉండటమే నేరమవుతుంది. రెక్కలు చిరుగుతాయి, పొలుసులు ఊడతాయి, గాయం మీద దూది లాంటి తెల్లటి బూజు పడుతుంది. చేపని చంపింది బూజు అనిపిస్తుంది.

మైడాస్ సిక్లిడ్ పిల్లల మీద ఓల్డ్‌ఫీల్డ్ చేసిన మరో పరిశీలన దీనికి దగ్గరగా ఉంది. దాక్కునే చోట్లున్న పెద్ద తొట్టిలో దూకుడు తగ్గింది. ఇళ్లలో మామూలుగా వాడే చిన్న తొట్టి సైజుల్లో అది ఎక్కువగానే ఉంది. లీటర్లు ఒక్కటే చూస్తే చాలదు. ఎత్తుగా, ఇరుకుగా ఉండే తొట్టిలో లీటర్లు ఎన్నున్నా పారిపోయే పొడవు ఉండదు. కాన్విక్ట్ జంటకి తోడు చేపలు కూడా కావాలంటే నాలుగు అడుగుల తొట్టి, అంటే సుమారు 240 లీటర్లు, ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. ఏంజెల్‌కి పొడవుతో పాటు ఎత్తు కూడా అవసరం. ఆస్కార్ జంటకి ఇంతకంటే చాలా పెద్దది కావాలి. షాపులో రెండంగుళాల ఆస్కార్ పిల్లని చూసి రెండు అడుగుల తొట్టి కొనడం మనవైపు తరచూ జరిగే పొరపాటు. ఏడాది తిరిగేసరికి ఆ చేప దాదాపు అడుగు పొడవు పెరుగుతుంది.

అన్ని సిక్లిడ్లకూ ఒకే సలహా పనికిరాదు

ఆఫ్రికాలోని మలావి సరస్సు రాళ్ల మధ్య ఉండే ఎంబునా జాతులు అసలు జంట కట్టవు. మగది ఒక రాతి సందు పట్టుకుని వచ్చిన ఆడదాన్నల్లా పిలుస్తుంది. ఆడది గుడ్లని నోట్లో పెట్టుకుని ఇంచుమించు మూడు వారాలు మోస్తుంది. అన్ని రోజులూ దాదాపు పస్తే. ఇలాంటి చేపల్ని ఒక మగది, ఒక ఆడది చొప్పున "జోడీ"గా కొనడం ఆ ఆడదాని ప్రాణం మీదికి తేవడమే. మగది రోజంతా దాన్నొక్కదాన్నే తరుముతుంది. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి ఉంచితే తరమడం పంచుకుపోతుంది. ఈ జాతుల్ని కొంచెం కిక్కిరిసి పెంచడం వెనక తర్కం కూడా ఇదే. ఎటు చూసినా చేపే ఉంటే ఏ ఒక్కదాని మీదా దృష్టి నిలవదు. అయితే చేపల సంఖ్య పెరిగిన కొద్దీ వాటి విసర్జనతో నీటిలో చేరే అమ్మోనియా పెరుగుతుంది. రెట్టింపు ఫిల్టర్, వారం వారం నీళ్లు మార్చే ఓపిక లేనివారు ఈ పద్ధతి జోలికి పోకపోవడమే మేలు.

కాన్విక్ట్ జంట విషయంలో ఇదే కిక్కిరిసిన పద్ధతి తిరగబడుతుంది. గుడ్ల దగ్గర కాపలా ఉన్న జంట ఎన్ని చేపలున్నా ఒక్కొక్కదాన్నీ మూలకి నెట్టి కొడుతుంది.

ఆఫ్రికాలోనే ఉన్న టాంగన్యికా సరస్సులోని బ్రిచార్డీ అనే సిక్లిడ్‌ది ఉమ్మడి కుటుంబం. పెద్ద పిల్లలు ఇల్లు వదలకుండా చిన్న పిల్లల్ని కాస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది గానీ, కొన్ని నెలల్లో తొట్టి మొత్తం ఆ కుటుంబానిదే అయిపోతుంది. వేరే జాతి చేప మిగలడం కష్టం.

ఫ్లవర్‌హార్న్ సంగతి వేరు. ఇది 1990ల్లో మలేషియాలో సంకరం చేసి పుట్టించిన చేప. తలమీది బొడిపె అదృష్టం తెస్తుందన్న నమ్మకంతో హైదరాబాద్, విజయవాడల్లోనూ చాలామంది పెంచుతారు. దూకుడున్న జాతుల్ని కలిపి చేసినది కాబట్టి దీన్ని ఒంటరిగా ఉంచడమే మామూలు. మగవాటిలో గొడ్డువి ఎక్కువ. పిల్లలు కావాలనుకునేవారు మధ్యలో జాలీ అడ్డం పెట్టి రెండింటినీ ఉంచుతారు. ఆడది జాలీ పక్కనే గుడ్లు పెడితే మగదాని వీర్యం నీటితో పాటు అవతలికి చేరుతుంది. ఒకదాన్నొకటి తాకకుండానే పని జరుగుతుంది.

నీళ్లు, ఎండలు

దక్కన్ ప్రాంతపు బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి, ఉప్పదనం ఎక్కువ. మలావి చేపలకి ఇవి నప్పుతాయి. లవణాలు తక్కువుండే మెత్తటి నీటిలో పుట్టిన డిస్కస్, ర్యామ్ లాంటివి ఈ గట్టి నీటిలో బతికినా వాటి గుడ్లు సరిగా పగలవు. గుడ్లు పోయిన ప్రతిసారీ జంట మళ్లీ మొదటి నుంచి తరుముకోవడం మొదలుపెడుతుంది కాబట్టి నీటి గుణం కొట్లాటని కూడా పరోక్షంగా పెంచుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తొట్టి నీళ్లు 31, 32 డిగ్రీలకి చేరితే చేపల ఒంట్లో పనులన్నీ వేగం అందుకుంటాయి. అదే వేడికి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. తరిమే చేపకీ తరిమించుకునే చేపకీ ఊపిరి చాలదు. ఆ పూట కరెంటు పోతే ముందు చచ్చేది మూలకి నెట్టిన చేపే.

ఏం చేస్తే పని చేస్తుంది

జంటని కొనడం కంటే జంట కట్టనివ్వడం నయం. ఒకే సైజు పిల్లలు ఆరు తెచ్చి పెంచితే, ఏంజెల్స్‌లో ఎనిమిది తొమ్మిది నెలలు దాటేలోపు సాధారణంగా ఒక జంట దానంతట అదే విడిగా నిలబడుతుంది. ఆ రోజు మిగతా నాలుగింటినీ ఎక్కడ పెట్టాలో ముందే అనుకోవాలి. చాలామంది ఈ రెండో తొట్టి సంగతి మర్చిపోయే చిక్కులో పడతారు. షాపులో "కన్ఫర్మ్డ్ పెయిర్" అని అమ్మేవి అక్కడ గుడ్లు పెట్టడం చూస్తే తప్ప నమ్మలేం. నిజమైన జంట కూడా చోటు మారితే ఒక్కోసారి విడిపోతుంది.

తొట్టిలో రాళ్లు, కొయ్యలు పేర్చేటప్పుడు అందం కంటే చూపు ముఖ్యం. ఈ చివర ఉన్న చేపకి ఆ చివర కనిపించకూడదు. నీటి మధ్య దాకా లేచే రెండు అడ్డాలు తొట్టిని మూడు గదులుగా చూపిస్తే, ఓడిన చేపకి కనీసం కనుమరుగయ్యే వీలుంటుంది. ఒక్కటే గుహ పెడితే అది పోట్లాటకి కారణమవుతుంది. చేపల సంఖ్య కంటే గుహలు ఎక్కువ ఉండాలి. ఒక్కో గుహకి రెండు దారులుంటే ఇంకా మంచిది.

పొరుగు చేప కావాలన్నది పైన చూశాం. పెద్ద తొట్టిలో కాన్విక్ట్‌లకి స్వోర్డ్‌టెయిల్ లాంటి చురుకైన, పైభాగాన ఈదే చేపల గుంపు ఆ పని చేస్తుంది. జంట వాటిని తరుముతుంది, అవి సులువుగా తప్పించుకుంటాయి. రెండు అడుగుల తొట్టిలో ఇదే చేస్తే ఆ గుంపు బలైపోతుంది. అంత చిన్నదానిలో పక్కన ఇంకో తొట్టి ఆనించి పెట్టి, గాజు శుభ్రంగా ఉంచడమే తేలిక.

కొత్త చేపని వదిలేటప్పుడు రాళ్ల అమరిక మొత్తం మార్చి, లైటు తీసేశాక వదలడం పాత పద్ధతి. హద్దులు చెరిగిపోతే పాత చేపలు కూడా కొత్తగా చోటు వెతుక్కోవాల్సి వస్తుంది. ఇది పని చేస్తుంది, కానీ గుడ్లున్న జంట దగ్గర చేయకూడదు. గుడ్లు తినేస్తాయి.

జంట ఇప్పటికే కొట్టుకుంటుంటే ముందు దెబ్బతిన్న దాన్ని బయటికి తీయాలి. అది ఆడదే అయితే మంచి మేతతో పొట్ట నిండే వరకు ఆగి, మధ్యలో గాజు అడ్డం పెట్టి అదే తొట్టికి తేవచ్చు. మొదటి రోజు మగది గాజుకి ముట్టెతో గుద్దుతుంది. కొన్నాళ్లకి గుద్దడం తగ్గి, అడ్డం పక్కనే రాయి గీకడం మొదలుపెడితే, ఆడది కూడా పారిపోకుండా అటే తిరిగి నిలబడితే, అడ్డం తీసి చూడొచ్చు. తీసేది సెలవు రోజు పొద్దున అయితే మేలు. మొదటి గంటలో ఏం జరుగుతుందో ఎవరైనా దగ్గరుండి చూడాలి.